రాకెట్ ఎందుకు పడిపోయిందో మాకూ చెప్పండి

అంతరిక్ష సంస్థల అధిపతులకు, ప్రైవేటు రాకెట్ కంపెనీల యజమానులకు, వైఫల్యాలపై విచారణ జరిపే కమిటీల పెద్దలకు,

నమస్కారం.

రాకెట్ బాగా ఎగిరిన రోజున మీ దగ్గర సమాచారానికి కొదవ ఉండదు. ఏ దశ ఎన్నో సెకనులో విడిపోయింది, ఎంత ఎత్తుకు చేరింది, వేగం ఎంత, అన్నీ తెర మీద అంకెలతో సహా కనిపిస్తూనే ఉంటాయి. అదే రాకెట్ దారి తప్పిన రోజున ఆ అంకెలు మాయమవుతాయి. ఫలానా దశలో లోపం తలెత్తింది, డేటా పరిశీలిస్తున్నాం అని రెండు ముక్కలు చెప్పి ప్రసారం ఆపేస్తారు. తర్వాత కమిటీ వేస్తారు. కమిటీ నివేదిక ఇస్తుంది. అది ఏ బీరువాలోకి వెళ్తుందో బయటివాళ్లకు తెలీదు. కొన్ని నెలలకు 'కారణం కనిపెట్టాం, సరిచేశాం' అన్న ఒక్క వాక్యం వస్తుంది. దాని వెనకే కొత్త ప్రయోగం తేదీ వస్తుంది.

ఆ నివేదికలు బయటపెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. సారాంశాలూ పత్రికా ప్రకటనలూ చాలవు, కమిటీ రాసిన నివేదికే కావాలి.

నేను రాకెట్ల మనిషిని కాను. బాయిలర్లు, గ్యాస్ ట్యాంకులు తనిఖీ చేసి సంతకం పెట్టడం నా పని. కాబట్టి ఇంజన్ డిజైన్ మీద మీకు సలహాలిచ్చే సాహసం చెయ్యను. లోపం ఎలా పుడుతుంది, కాగితాల మాటున ఎలా దాక్కుంటుంది, ఎవరు ఏ మలుపులో 'పర్లేదులే' అంటారు అన్నది మాత్రం మా పనిలోనూ మీ పనిలోనూ ఒకటే.

ముందు నమ్మకం సంగతి చూద్దాం. ఒక రాకెట్ వరసగా 20 సార్లు గెలిస్తే దానికి తిరుగులేదని మీరూ అంటారు, మేమూ చప్పట్లు కొడతాం. లెక్క మాత్రం అంత ఉదారంగా ఉండదు. 20కి 20 గెలిచిన రాకెట్ గురించి 95 శాతం ధీమాతో చెప్పగలిగింది ఒక్కటే, దాని వైఫల్యాల రేటు దాదాపు 14 శాతానికి మించదని. అంటే ఏడింట ఒకసారి పడిపోయే గుణమున్న రాకెట్ కూడా అదృష్టం కలిసొస్తే 20 సార్లు వరసగా ఎగిరి మనల్ని నమ్మించగలదు. విమానాలకు ఈ చిక్కు లేదు. ఒక్కో రకం విమానం లక్షల సార్లు ఎగురుతుంది, చిన్న చిన్న లోపాలు ఎప్పటికప్పుడు లెక్కలో తేలిపోతాయి. రాకెట్లు ఎగిరేదే తక్కువ. చేతిలో ఉన్న సాక్ష్యం పిడికెడు. అందులో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది పడిపోయిన రాకెట్టే, తాళం పడేది కూడా దాని ఫైలుకే.

అమెరికా స్పేస్ షటిల్ విషయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. షటిల్ నాశనమయ్యే అవకాశం లక్షలో ఒకటి అని పైఅధికారులు నమ్మారు. అదే యంత్రం మీద పనిచేసే ఇంజనీర్లను అడిగితే నూటికి ఒకటి అన్నారు. చివరికి షటిళ్లు 135 సార్లు ఎగిరాయి, రెండు నాశనమయ్యాయి, 14 మంది పోయారు. ఎవరి లెక్క నిజానికి దగ్గరో వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండు అంకెల మధ్య అంత దూరం ఉందని ప్రపంచానికి తెలిసింది 1986లో చాలెంజర్ షటిల్ పేలిపోయాక విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ నివేదిక అచ్చయి జనం చేతికి రాబట్టే, దానికి భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రాసిన అనుబంధం కూడా అందులోనే ఉండబట్టే. అది గుట్టుగా ఉండిపోయుంటే, లక్షలో ఒకటి అన్న కాకిలెక్కే ఇవాళ్టికీ పాఠ్యపుస్తకాల్లో ఉండేదేమో.

చాలెంజర్ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది పేలుడు కాదు, అంతకు ముందు నడిచిన కాగితాలు. ఘన ఇంధన బూస్టర్ ముక్కల మధ్య అతుకులో వేడి వాయువు బయటికి రాకుండా ఆపేది ఏడు మిల్లీమీటర్ల మందం ఉన్న రబ్బరు ఓ-రింగ్. అది కాలినట్టు మొదటిసారి కనబడింది 1981లో, షటిల్ రెండో ప్రయాణంలోనే. తర్వాతా కనబడుతూనే వచ్చింది. చూశారు, రాసుకున్నారు, ఏమీ కాలేదు కదా అని మళ్లీ ఎగరేశారు. 1985 జులై 31న రోజర్ బోయిజోలీ అనే ఇంజనీరు, బూస్టర్లు తయారుచేసే తన కంపెనీ పెద్దలకు రాతపూర్వకంగా చెప్పాడు, ఇది ప్రాణాల మీదికి వస్తుందని. 1986 జనవరి 27 రాత్రి ఫోన్ సమావేశంలో ఇంజనీర్లు మళ్లీ మొత్తుకున్నారు, 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే ఎగరెయ్యొద్దని. మర్నాడు ఎగిరే సమయానికి ఉష్ణోగ్రత 2 డిగ్రీలు. 73 సెకన్లకు అంతా అయిపోయింది. అంటే తెలియని లోపమేం కాదది, నాలుగేళ్లకు పైగా ఫైళ్లలో ఉన్నదే. మా పనిలోనూ ఇంతే. కొత్త పగులు చూసి అందరూ ఉలిక్కిపడతారు. మూడేళ్లుగా ఉన్న పగులుకి మాత్రం రిజిస్టర్లో ఒక నంబరు పడుతుంది, నంబరు పడ్డాక భయం పోతుంది.

మీలో ఎవరైనా ఇక్కడ అడ్డు రావచ్చు. 'రోజర్స్ నివేదిక అచ్చయింది కదా, మరి 2003లో కొలంబియా షటిల్ ఎందుకు పోయింది?' అని. న్యాయమైన ప్రశ్న. కొలంబియా విషయంలోనూ అదే జబ్బు. ఇంధన ట్యాంకు చల్లదనం పోకుండా పూసిన గట్టి నురగ నుంచి ముక్కలు ఊడి తగలడం అంతకు ముందూ జరిగింది. 2002 అక్టోబర్లో ఒక ముక్క బూస్టర్‌కు తగిలింది కూడా. దాన్నీ మామూలు విషయం కింద జమ కట్టారు. 2003 జనవరి 16న కొలంబియా లేచిన 82 సెకన్లకు ముప్పావు కిలో నురగ ముక్క ఎడమ రెక్క అంచుకి తగిలింది. కక్ష్యలో ఉండగానే ఆ రెక్కకి ఫొటోలు తీయించండి అని ఇంజనీర్లు అడిగారు, ఆ అభ్యర్థనలు పైదాకా నిలవలేదు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ తిరిగి రాలేదు. నురగ అంత మెత్తటిది, రెక్కనేం చేస్తుందిలే అన్నవాళ్లు తర్వాత కూడా ఉన్నారు. ఆ జులైలో అంతే బరువున్న నురగని అంతే వేగంతో అసలు రెక్క అంచు మీదికి పేల్చి చూశారు. దాదాపు 40 సెంటీమీటర్ల కన్నం పడింది.

కాబట్టి నివేదిక అచ్చయితే చాలు, ప్రమాదాలు ఆగిపోతాయని నేను అనడం లేదు. అయితే ఇది ఆలోచించండి. కొలంబియా విచారణ బోర్డు చాలెంజర్ నివేదికను పక్కన పెట్టుకుని చదివింది కాబట్టే, రెండు ప్రమాదాల వెనకా ఒకే అలవాటు ఉందని తేల్చగలిగింది. మొదటి నివేదిక లేకపోతే రెండోది నురగ దగ్గరే ఆగిపోయేది.

నాకు బాగా నచ్చిన నివేదిక మాత్రం ఏరియన్ 5ది. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల కొత్త రాకెట్ మొదటిసారి లేచి, 40 సెకన్లు తిరక్కుండానే ముక్కలైంది. నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ దాంతో పాటే పోయాయి. సరిగ్గా 45 రోజులకు, జులై 19 తేదీతో విచారణ బోర్డు నివేదిక వచ్చింది, దాన్ని లోకమంతా చదివింది. అందులో ఏముందో కాస్త తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే ఇంత వివరంగా చెప్పినా ఆకాశం ఏమీ ఊడిపడదని మీకు చూపించాలి.

రాకెట్ ఎటు తిరిగి ఉందో చెప్పే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ని పాత ఏరియన్ 4 నుంచి యథాతథంగా తెచ్చిపెట్టారు. అందులో ఒక భాగం పని, రాకెట్ నేల మీద ఉండగా పరికరాన్ని సరిచూడటం. రాకెట్ లేచాక ఏరియన్ 5కి దాంతో అవసరమే లేదు. అయినా పాత రాకెట్‌లో లేచాక కూడా 40 సెకన్ల దాకా నడిచేది కాబట్టి ఇందులోనూ అలాగే నడవనిచ్చారు. ఆ భాగం, అడ్డదిశలో వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల విలువని 16 బిట్ల గడిలో పెడుతుంది. ఆ గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఏరియన్ 4 దారిలో అది ఎప్పుడూ దాటలేదు. ఏరియన్ 5 దారి వేరు, వేగం ఎక్కువ. సంఖ్య పొంగిపోయింది, పరికరం పనిచెయ్యడం ఆపేసింది. దానికి తోడుగా రెండో పరికరం ఉంది కదా అంటారా, అందులోనూ అదే సాఫ్ట్‌వేర్, అది కూడా అదే కారణంతో అప్పటికే ఆగిపోయింది. ఆగిపోతూ పంపిన ఎర్రర్ సంకేతాన్ని ప్రధాన కంప్యూటర్ నిజమైన కొలతగా తీసుకుని, మంట బయటికి చిమ్మే గొట్టమైన నాజిల్‌ని పూర్తిగా ఒక పక్కకి తిప్పేసింది. రాకెట్ ఒక్కసారిగా వంకర తిరిగి గాలి తాకిడికి విరిగిపోయింది.

చూశారా, ఒక్క పేరా. ఇది చదివి ఎవరూ క్షిపణి తయారు చెయ్యలేరు. రాకెట్లతో సంబంధం లేని వేలమంది ప్రోగ్రామర్లు మాత్రం ఇది చదివి, పాత కోడ్‌ని కొత్త చోట పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకోవడం నేర్చుకున్నారు. ఏరియన్ 5 పరువూ పోలేదు. తర్వాత ఎన్నో ఏళ్లు వాణిజ్య ప్రయోగాల్లో ముందు వరసలో ఉంది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌ని నమ్మి అప్పజెప్పింది ఆ రాకెట్‌కే.

ఇప్పుడు మా ఇలాకాకి వస్తాను. అమెరికా టారస్ ఎక్స్ఎల్ రాకెట్ 2009 ఫిబ్రవరిలో ఒకసారి, 2011 మార్చిలో ఒకసారి విఫలమైంది. రెండుసార్లూ ఉపగ్రహం చుట్టూ ఉండే కవచం విడిపోలేదు, ఆ బరువుతో కక్ష్య అందక సముద్రంలో పడ్డాయి. 70 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అసలు కారణం బయటపడింది 2019లో. కవచం అతుకుల్లో వాడిన అల్యూమినియం సరఫరా చేసిన సాపా ప్రొఫైల్స్ అనే కంపెనీ, ఏళ్ల తరబడి టెస్ట్ సర్టిఫికెట్లు మార్చి ఇచ్చింది. పరీక్షలో ఫెయిలైన లోహానికి పాసైన అంకెలు వేసింది. ఆ కంపెనీ 4.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఈ సంగతి చదివిన రోజు నుంచి లోహం తయారు చేసిన మిల్లు ఇచ్చే ఏ టెస్ట్ సర్టిఫికెట్ చేతికొచ్చినా నేను ముందు అడిగేది 'మీ ముక్క ఒకటి కోసి ఇవ్వండి, మళ్లీ టెస్ట్ చేయిస్తాను' అనే. సరఫరాదారులు విసుక్కుంటారు, విసుక్కోనీ. నాసా ఆ దర్యాప్తు ఫలితాన్ని తన దగ్గరే దాచుకుని ఉంటే రాకెట్లతో ఏ సంబంధమూ లేని నా పని మారేది కాదు.

విచారణ ఎవరు చేస్తారన్నది ఇంకో ముడి. చాలాచోట్ల పడిపోయిన రాకెట్ మీద విచారణ జరిపేది దాన్ని తయారు చేసిన సంస్థే. 2015 జూన్ 28న స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ 9 రెండో దశలో, హీలియం సీసాని పట్టి ఉంచే ఒక కడ్డీ విరిగింది, రాకెట్ పేలిపోయింది. కడ్డీ తట్టుకోవాల్సిన బలంలో అయిదో వంతుకే విరిగిందని కంపెనీ చెప్పింది. తప్పు కడ్డీ పంపినవాళ్లదన్న అర్థం వచ్చింది. నాసా సొంతంగా వేసిన బృందం మాత్రం ఇంకో మాట అంది. మామూలు పరిశ్రమల్లో వాడే రకం భాగాన్ని, దాని తయారీదారు సూచించిన భద్రతా ప్రమాణం పాటించకుండా, సరైన పరీక్షలు లేకుండా అలాంటి చోట వాడటమే డిజైన్ తప్పు అని. రెండు మాటలకీ చాలా తేడా ఉంది. మొదటి దాని ప్రకారం సరఫరాదారుని మారిస్తే చాలు, రెండో దాని ప్రకారం ఎంపిక చేసే పద్ధతే మారాలి. ఆ రెండో మాట సారాంశంగానైనా జనానికి తెలిసింది 2018 మార్చిలో, దాదాపు మూడేళ్లకి. ఫాల్కన్ 9 ఆ తర్వాత ఎంత నమ్మకంగా ఎగురుతోందో అందరం చూస్తున్నాం, ఆ గొప్పతనాన్ని తక్కువ చెయ్యను. తమ తప్పుకి తామే తీర్పు చెప్పుకునే పద్ధతి గురించే నా అభ్యంతరం.

ఇస్రో పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. 2022 ఆగస్టు 7న మీ చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్ఎస్ఎల్వీ మొదటి ప్రయోగం విఫలమైనప్పుడు మీరు దాచలేదు. రెండో దశ విడిపోయేటప్పుడు కొద్దిసేపు వచ్చిన కంపనాలకు, వేగంలో మార్పుని కొలిచే యాక్సిలరోమీటర్ల కొలతలు హద్దు దాటాయని, అవి పాడైపోయాయని సాఫ్ట్‌వేర్ పొరబడిందని, ఉపగ్రహాలు 356 కిలోమీటర్ల వృత్తంలోకి చేరాల్సింది, ఒక చివర 76 కిలోమీటర్లకే దిగిపోయే కక్ష్యలో పడ్డాయని వివరంగా చెప్పారు. ఏం మార్చారో కూడా చెప్పారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం గెలిచింది. చెప్పినందుకు మీ గౌరవం పెరిగింది తప్ప తగ్గలేదు. అదే సంస్థ 2025 మే 18న పీఎస్ఎల్వీ-సీ61 మూడో దశలో పీడనం పడిపోయి విఫలమైతే, ఆ నివేదికను ఎందుకు జనం ముందు పెట్టలేదు? 2026 జనవరి 12న సీ62 కూడా మూడో దశ చివర్లోనే దారి తప్పింది. రెండింటికీ కారణం ఒకటేనని నేను తేల్చెయ్యడం లేదు. మొదటి నివేదిక బయట ఉంటే ఆ అనుమానం ఎవరికీ వచ్చేదే కాదు, లేదా సరైన అనుమానం ముందే ఎవరికో వచ్చేది. ఏదైనా మేలే.

మీ అందరి భయం నాకు అర్థమవుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని. పోటీ కంపెనీ చూస్తుంది, బీమా ప్రీమియం పెరుగుతుంది, బడ్జెట్ అడిగే చోట నవ్వుతారు. రాకెట్ సాంకేతికత క్షిపణి సాంకేతికతకి చుట్టం, దేశ రక్షణ విషయం అని కూడా అంటారు. నిజమే, కొన్ని విషయాలు రాయకూడదు. ఇంధనం కూర్పు, గైడెన్స్ లెక్కల లోతులు, అవి నల్లరంగు పూసి దాచండి, ఎవరూ అడగరు. కానీ వాల్వు ఎందుకు లీకైంది, సెన్సర్ని తలకిందులుగా ఎవరు బిగించారు అన్నది ఏ దేశ రహస్యం? 2013 జులై 2న రష్యా ప్రోటాన్ రాకెట్ లేచీ లేవగానే నేలకి దిగబడింది, కోణీయ వేగం కొలిచే సెన్సర్లు తలకిందులుగా ఉన్నందుకే. అవి తప్పుగా బిగించడానికి వీల్లేకుండా చేసిన ఏర్పాటు ఉన్నా బలవంతంగా నొక్కి కూర్చోబెట్టారని విచారణలో తేలింది. అదే రష్యా వాళ్లు 2018 అక్టోబర్ 11న మనుషుల్ని తీసుకెళ్తున్న సోయజ్ ఎంఎస్-10 విఫలమైనప్పుడు, బిగింపులో వంగిన సెన్సర్ పిన్నే కారణమని మూడు వారాల్లో చెప్పి, రాకెట్ మీదున్న కెమెరా వీడియో కూడా విడుదల చేశారు. డిసెంబర్ 3న మళ్లీ మనుషుల్ని పంపారు. నిజం చెప్పినందువల్ల వాళ్ల పని ఒక్క వారం కూడా ఆగినట్టు నాకు కనపడదు.

దాచినప్పుడు ఏమవుతుందో కూడా అదే దేశం చూసింది. 1961 మార్చిలో వాలెంటిన్ బొండరెంకో అనే యువ వ్యోమగామి, ఆక్సిజన్ నిండిన గదిలో శిక్షణ పొందుతూ మంటల్లో చనిపోయాడు. సోవియట్ ప్రభుత్వం ఆ సంగతి 1986 దాకా బయటపెట్టలేదు. 1967 జనవరి 27న అపోలో 1 గుళికలో, స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో అంటుకున్న మంటకి ముగ్గురు అమెరికన్లు నేల మీదే చనిపోయారు. మొదటిది తెలిసుంటే రెండోది ఆగేదని గట్టిగా చెప్పలేం. ఆక్సిజన్ ప్రమాదమని అమెరికా వాళ్లకి ముందే తెలుసు. కానీ ఒక శవం కాగితం మీద ఉంటే, వాదించే ఇంజనీరు గొంతుకి కాస్త బలం ఉంటుంది.

ఇక టికెట్ కొనుక్కుని ఎక్కే ప్రయాణికుల సంగతి. అమెరికా చట్టం ప్రకారం 2028 జనవరి 1 దాకా, అంతరిక్ష వాహనంలో ఎక్కేవాళ్ల భద్రత కోసం కొత్త నియమాలు పెట్టే అధికారం అక్కడి విమానయాన నియంత్రణ సంస్థకు దాదాపు లేదు. దానికి బదులు, ప్రమాదం ఉందని తెలిసే ఎక్కుతున్నానని ప్రయాణికుడు సంతకం పెట్టాలి. సరే, పెడతాడు. ఆ వాహనం గతంలో ఎక్కడ ఎందుకు తప్పిందో పూర్తి నివేదిక చదవనివ్వకుండా తీసుకున్న ఆ సంతకానికి విలువేంటి? 2014 అక్టోబర్ 31న ప్రయాణికుల కోసం తయారవుతున్న స్పేస్‌షిప్‌టూ అనే వాహనం గాల్లో విరిగిపోయినప్పుడు, అమెరికా రవాణా ప్రమాదాల విచారణ బోర్డు తొమ్మిది నెలల్లో అంతా బయటపెట్టింది. సహపైలట్ ఒక తాళాన్ని ముందుగా తీశాడని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, ఒక్క మనిషి పొరపాటు వాహనాన్నే కూల్చగలదన్న ఆలోచన తయారీదారులకి రాకపోవడాన్ని కూడా రాసింది. ప్రైవేటు కంపెనీ వాహనమే అది. ఆ పద్ధతి ఒక్కసారికే ఎందుకు ఆగిపోవాలి? ఇక కింద ఉన్నవాళ్ల సంగతి. 2025 జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి స్పేస్‌ఎక్స్ వాళ్ల స్టార్‌షిప్ రాకెట్ ముక్కలు కరీబియన్ సముద్రం మీద రాలితే విమానాలు దారి మళ్లాయి. వాటిలో కూర్చున్నవాళ్లు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

పౌర విమానాలకి ఒక పద్ధతి ఉంది, అదే తెచ్చుకోండి. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైతే 12 నెలల్లో తుది నివేదిక. విచారణ ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే, ఎవరినో బోనెక్కించడం కాదు అని అందులో మొదటే రాసి ఉంటుంది. రాకెట్లకి కూడా ఇదే గడువు పెట్టుకోండి. కమిటీకి అధ్యక్షుడు ఆ సంస్థ జీతం తీసుకోని మనిషై ఉండాలి. కమిటీలో ఒప్పుకోనివాళ్లు ఉంటే వాళ్ల మాట కూడా నివేదికలో అచ్చు కావాలి, పేరు వద్దంటే పేరు తీసెయ్యండి. తృటిలో తప్పిన ప్రమాదాలు, అంటే ఏమీ కాలేదు కదా అని వదిలేసినవి కూడా రాయండి. ఓ-రింగూ, నురగా మొదట ఆ ఖాతాలోనే ఉండేవి. అన్నిటికన్నా ముఖ్యం, నివేదిక బయటికొచ్చే దాకా అదే రాకెట్‌కి తర్వాతి ప్రయోగం తేదీ ప్రకటించొద్దు. తేదీ ముందు చెప్పేస్తే కమిటీ కారణం వెతకడం మానేసి క్యాలెండర్ చూడటం మొదలెడుతుంది. నా అనుభవంలో 'డిస్పాచ్ శుక్రవారం' అని ముందే రాసేసుకున్న ట్యాంకులో గురువారం నాడు పగులు కనపడటం చాలా కష్టం.

కొత్త నియమాలకి టైమ్ పడుతుందంటారా, అయితే ఆ లోపు చెయ్యగలిగిన పని ఒకటి ఉంది. గత పదేళ్లలో మీ కమిటీలు ఇచ్చిన నివేదికలు ఇప్పటికే మీ బీరువాల్లో ఉన్నాయి. కొత్తగా రాయాల్సిన పని లేదు, దాచాల్సిన చోట నల్లరంగు పూసి బయటపెడితే చాలు. ఏ నివేదిక ఏ తేదీన ఇస్తారో ఒక జాబితా ముందు ప్రకటించండి. ఏదైనా ఇవ్వలేమంటే, ఎందుకు ఇవ్వలేమో ఆ జాబితాలోనే, ఆ నివేదిక పక్కనే రాయండి.

ఇట్లు,
తనిఖీ పనిలో ఉన్న ఒక ఇన్‌స్పెక్టర్